ఎడమ చివరి కిటికీ

కుట్టుషాపు మీది గది,
ఫిబ్రవరి 4

మేనకోడలికి అత్త చెప్పి రాయించేది.

నువ్వు పంపిన పుస్తకం అందింది. నాకు అక్షరం ముక్క రాదని తెలిసీ పుస్తకం పంపావు చూడు, అచ్చం మా తమ్ముడి కూతురివే. పక్క గదిలో ఉండే రిటైరైన నర్సమ్మ రెండు రోజులు కూర్చుని మొత్తం చదివి వినిపించింది. ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆవిడే. నేను ఎలా చెబితే అలాగే రాయాలి, చక్కబెట్టకూడదు అని ముందే చెప్పాను. అప్పుడే ముఖం చిట్లిస్తోంది. చిట్లించుకోనీ.

నేను పనిచేసిన ఆ ఇంటి మీద నువ్వు నలభై పేజీలు రాశావు. ముప్పై ఎనిమిది బాగున్నాయి. ముందు నాలుగు స్తంభాలు, వాటి నెత్తిన ముక్కోణపు నుదురు, నడిమధ్యన తలుపు, తలుపుకి ఇటెన్ని కిటికీలో అటన్నే. అంతా సరిగ్గానే రాశావు. ఆ స్తంభాలు రాతివి కావు, ఇటుక పేర్చి గచ్చు పూసి రాయిలా గీతలు గీశారు అని ఏవో పరీక్షలు చేసి కనిపెట్టావట. నలభై ఒక్క ఏళ్ళు వాటిని కడిగినదాన్ని నేను. నన్నడిగితే ఒక్క నిమిషంలో చెప్పేదాన్ని. వేలి కణుపుతో తట్టి చూడు. రాయి ఊరుకుంటుంది, గచ్చు బదులు చెబుతుంది.

ఇక మిగిలిన రెండు పేజీల సంగతి.

మేడ మీద వీధివైపు ఏడు కిటికీలు ఉన్నాయని, రెండు చివర్లవీ మొదటి నుంచీ గుడ్డి కిటికీలేనని, ఇంటి ముఖం సమానంగా కనబడాలని కట్టినవాడే వాటిని గోడ కట్టి మూశాడని రాశావు. తప్పు. కుడి చివరిది పుట్టుగుడ్డి. దాని వెనక మెట్లగోడ ఉంది, అక్కడ కిటికీ తెరిచినా గోడే కనబడుతుంది. ఎడమ చివరిది అలాంటిది కాదు. అది చూస్తూ చూస్తూ ఉన్న కన్ను. అరవై ఐదేళ్ళ కిందట మూశారు. మూసినవాడు మీ తాత.

రెండోది ఆ చివరి పేజీ. జూన్‌లో ఇల్లు జనానికి తెరిచేటప్పుడు ఆ కిటికీ కింద ఒక బోర్డు పెడతారట. ప్రేమలో మోసపోయి మేడ మీంచి దూకిన పనిపిల్ల ఇప్పటికీ అక్కడ తిరుగుతుంటుందని దాని మీద రాస్తారట. నర్సమ్మ ఆ ముక్క చదువుతూ గొంతు తగ్గించింది, కథ బాగుందని.

ఆ పనిపిల్ల నా అక్క. నీకు పెద్దత్త. జ్వరమొచ్చి పోయిందని మీ నాన్న నీకు చెప్పి ఉంటాడు. వాడు అప్పటికి ఉయ్యాల్లో ఉన్నాడు, వాడికేం తెలుసు? మేమే వాడికి అలా చెప్పి పెంచాం.

అది దూకలేదు. కిటికీ తుడుస్తూ పడిపోయింది. నోటి మాట నోట్లోనే అరిగిపోతుందని ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు మీరు చెక్కబోతున్నారు. చెక్కింది అరగదు. ఆ బోర్డు మార్చు.

అత్త


పాత కట్టడాల ఆఫీసు, మూడో అంతస్తు,
ఫిబ్రవరి 17

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం ఆఫీసులో తెరిచాను, చదివి లేచి బయటికి వెళ్ళిపోయాను. నాకు ఇంకో అత్త ఉండేదని తెలుసు గానీ, ఆ ఇంటి ముందు నిలబడి నాలుగు నెలలు కొలతలు తీసుకున్నదాన్ని, నా తల మీద ఉన్న కిటికీ ఆవిడదని తెలియదు.

మా పెద్దాఫీసరుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, కాగితం మనిషి. ఆ ఏడాది రిజిస్టరు తీయించాడు. అందులో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. పదిహేడేళ్ళ పనిపిల్ల కొన్నాళ్ళుగా మనసు బాగాలేక ముభావంగా ఉండేదని, తనంతట తానే దూకిందని ఇంటి యజమానురాలి వాంగ్మూలం ఉంది. దాని కింద ఇంకో వాక్యం ఉంది: ‘తండ్రి అభ్యంతరం చెప్పలేదు.’ పక్కనే తాతయ్య వేలిముద్ర.

ఆయన ఎందుకు అభ్యంతరం చెప్పలేదు అత్తా?

కాగితంలో ఇది ఉండగా, జ్ఞాపకాన్ని పట్టుకుని బోర్డు మార్చలేమని ఆఫీసరు అంటున్నాడు. ‘గోడ చెబితే వింటాను’ అన్నాడు. ఆ కిటికీ ఒకప్పుడు తెరిచి ఉండేదని గోడలో ఏదైనా ఆనవాలు ఉంటే చెప్పు.

ఇంకో మాట. రెండో కూర్పులో తాతయ్య మీద ఒక పేజీ రాద్దామనుకుంటున్నాను. ‘మా నాన్న గచ్చుకీ రాయికీ తేడా దేవుడికి కూడా తెలిసేది కాదు’ అని నాన్న ఎప్పుడూ గొప్పగా చెప్పేవాడు. ఆ ఇంట్లో ఆయన చెయ్యి ఎక్కడెక్కడ పడిందో నువ్వే చెప్పగలవు.

ఆ మూల గది దగ్గర ఏదో చప్పుడు వస్తుందని కాపలావాళ్ళు అంటుంటారు. పావురాలు అయి ఉంటాయి.

మేనకోడలు


కుట్టుషాపు మీది గది,
ఫిబ్రవరి 28

మేనకోడలికి అత్త.

పావురాలా? పావురాలు తడిగుడ్డ పట్టుకుని అద్దం తుడుస్తాయటే?

ఇది విను. అక్క పోయిన ఐదేళ్ళకు, నా పద్నాలుగో ఏట, నేను అదే ఇంట్లో పనికి చేరాను. ఎందుకు చేరావు, నీకు సిగ్గు లేదా అని మా అమ్మ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. మొదటి వారంలోనే విన్నాను. రాత్రి కాదు, నిద్రమత్తు కాదు. పట్టపగలు, పొద్దున్న పదింటికి. మూల గదిలో నేల తుడుస్తున్నాను. గోడలోంచి కీచ్ కీచ్‌మని చప్పుడు. కాసేపు ఆగుతుంది, మళ్ళీ కీచ్. అద్దం మెరవడానికి పూసి, ఎండిన సుద్ద మీద గుడ్డ లాగితే అద్దం ఎలా అరుస్తుందో కిటికీలు తుడిచినవాళ్ళకి తెలుస్తుంది, పుస్తకాలు రాసేవాళ్ళకి తెలియదు. నలభై ఒక్క ఏళ్ళు విన్నాను. ఆ గది మాత్రం ఇంకెవర్నీ తుడవనివ్వలేదు.

ఆనవాలు అడిగావు. చెబుతాను, మీ ఆఫీసరు చెవి దగ్గర పెట్టి చదువు.

కార్నీసు, అదే గోడ నెత్తిన తిరిగే గచ్చు అంచు, ఎలా లాగుతారో నీకు తెలుసు కదా? తడి గచ్చు మీద రేకు మూస పట్టి, ఊపిరి బిగబట్టి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే లాగు లాగాలి. రేకు ఎలా కత్తిరించి ఉంటే గచ్చు అలా తిరుగుతుంది. మీ తాత మూస నా చేతిలోంచి ఒకసారి జారి పడింది. నాకప్పుడు ఏడేళ్ళు. అంచున చిన్న గంటు పడింది. కొత్త రేకు కత్తిరించుకో అని అందరూ అన్నారు. ‘ఉండనీ, ఇది మా సూది సంతకం’ అన్నాడు. నన్ను సూది అనేవాడు, మాట గుచ్చుతానని. అప్పటి నుంచి ఆయన లాగిన ప్రతి అంచు మీదా దారమంత గీత ఒకటి ఉబ్బి ఉంటుంది. కంటికి ఆనదు, వేలికి ఆనుతుంది.

ఎడమ మూల గదిలో నిచ్చెన వేసుకుని ఎక్కు. మూడు గోడల కార్నీసు నున్నగా ఉంటుంది, అది ఇల్లు కట్టిన నాటిది. వీధివైపు గోడ మీద వేలు పెట్టు. కిటికీ మూసినప్పుడు లోపలి వైపు గోడ కూడా కొత్తగా లేపారు, కార్నీసు కొత్తగా లాగాల్సి వచ్చింది. దారం తగులుతుంది.

మూసిన మర్నాడు ఇంటాయన వీధిలో నిలబడి మేడ వైపు చూసి ఏమన్నాడో తెలుసా? ‘ఇప్పుడు కుదిరింది. కుడి చివర గుడ్డిది ఒక్కటే ఉండి ఇన్నాళ్ళూ వెలితిగా ఉండేది’ అన్నాడు. పక్కన మా నాన్న గచ్చు బొచ్చె పట్టుకుని నిలబడి ఉన్నాడు. నీ పుస్తకంలో ఏడో పేజీలో ఆ రెండు గుడ్డి కిటికీల వల్లే ఇంటికి అంత అందం వచ్చిందని రాశావు కదా. ఇదీ ఆ అందం.

మీ తాత ఎందుకు అభ్యంతరం చెప్పలేదంటావా? ముందు గోడ తడిమి చూడు, తర్వాత అడుగు.

అత్త


పాత కట్టడాల ఆఫీసు,
మార్చి 12

అత్తా,

దారం తగిలింది.

మొదట మూడు గోడలూ తడిమాను, నున్నగా ఉన్నాయి. నాలుగో గోడ మీద వేలు పెట్టగానే, ఏం చెప్పను, ఎవరో నా వేలు పట్టుకున్నట్టయింది. ఆఫీసరును నిచ్చెన ఎక్కించాను. ఆయన లావుపాటి మనిషి, కింద ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆయన వేలికి కూడా తగిలింది. దిగి, కళ్ళద్దాలు తుడుచుకుని, ‘మీ అత్తగారిని మన ఆఫీసులో పెట్టుకోవాల్సింది’ అన్నాడు.

లోపలి గోడ విప్పడానికి అనుమతి వచ్చింది. బయటి వీధివైపు ఇటుక కట్టడం ముట్టుకోరు, లోపలి పొర మాత్రం తీస్తారు. ఏప్రిల్ మొదటి వారంలో పని.

చప్పుడు సంగతి. పదింటికి ఆ గదిలోనే ఉన్నాను. ఏదో విన్నాను. పక్క గోడలో పాత నీటిగొట్టం ఉంది, అది అయి ఉండవచ్చు.

మేనకోడలు


కుట్టుషాపు మీది గది,
మార్చి 20

మేనకోడలికి అత్త.

ఆ పక్క గోడలో ఉన్న గొట్టం నేనుండగానే పీకేశారు. ఇరవై ఏళ్ళయింది. విన్నానని చెప్పడానికి నోరు రాకపోతే ఊరుకో, లేని గొట్టాన్ని మాత్రం తెచ్చి పెట్టకు.

గోడ విప్పేవాళ్ళను నెమ్మదిగా కొట్టమను. లోపల అద్దాలు ఉండాలి. ఉలి జారితే నేనే వచ్చి వాళ్ళ చేతుల సంగతి చూస్తాను.

అత్త


పాత కట్టడాల ఆఫీసు,
ఏప్రిల్ 9

అత్తా,

నువ్వు గెలిచావు.

లోపలి పొర తీయగానే కిటికీ ఉంది. చట్రం, చట్రంలో అద్దాలు, అడ్డంగా మూడు, నిలువునా నాలుగు, మొత్తం పన్నెండు. ఒక్కటి కూడా పగలలేదు. అద్దాల అవతల నాలుగు వేళ్ళ సందు, ఆ వెనక ఇటుక గోడ.

విను. అద్దాల బయటివైపు సుద్ద పూసి ఉంది. పై వరుస మూడూ తుడిచేసి ఉన్నాయి. రెండో వరుసలో ఎడమ నుంచి రెండు తుడిచి ఉన్నాయి. మిగతా ఏడింటి మీదా సుద్ద అలాగే ఎండిపోయి తెల్లగా ఉంది. ఆ సుద్దలో గుడ్డ మడతల గీతలు కూడా కనబడుతున్నాయి. ఐదు అద్దాలు తుడిచి ఆరోదానికి వెళ్ళబోయిన మనిషి పని అది. చావాలనుకున్నవాళ్ళు వరుస తప్పకుండా ఐదు అద్దాలు తుడవరు. ఆ మాట నేను అనలేదు, మా ఆఫీసరే అన్నాడు. అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఫొటోలు తీశారు. కిటికీకి ముందు అద్దాల తలుపు పెట్టి తాళం వేశారు. పాత బోర్డు రద్దయింది. కొత్తది రాయమని నాకే అప్పగించారు.

కిటికీ అడుగున బయటివైపు ఉండే గట్టు కూడా చూశాం. అది విరిగి ఉంది.

ఉంటాను.

మేనకోడలు


కుట్టుషాపు మీది గది,
ఏప్రిల్ 16

మేనకోడలికి అత్త.

నర్సమ్మ నీ ఉత్తరం చదువుతుంటే ఐదో అద్దం దాకా ఏడ్చాను. తర్వాత ఆగిపోయాను.

గట్టు విరిగి ఉంది అని ఒక్క ముక్క రాశావు. చట్రం గురించి రాశావు, సుద్ద గురించి రాశావు, ఆఫీసరు ఎటు తిరిగాడో కూడా రాశావు. నా అక్క నిలబడిన గట్టుకి మాత్రం ఒక్క ముక్కేనా? ఎలా విరిగింది? దేనితో కట్టింది? నువ్వు కొలిచే మనిషివి, పట్టుకుని చూడకుండా ఉండవు.

నన్ను కాపాడుతున్నావనుకుంటా. నాకు డెబ్బై నాలుగు. కాపాడాల్సిన వయసులో ఎవరూ కాపాడలేదు, ఇప్పుడు మొదలుపెట్టకు.

అత్త

(నర్సమ్మ రాస్తున్నాను. అమ్మాయీ, మీ అత్తకి తెలియకుండా ఈ నాలుగు మాటలు. నువ్వు దాచింది ఏదో ఆవిడకి ముందే తెలుసని నాకు అనిపిస్తోంది. ఉత్తరం వినేటప్పుడు ఆవిడ ఎదురుచూసింది అద్దాల కోసం కాదు, గట్టు కోసం. రాసెయ్యి. పక్కన నేనుంటాను.)


ఇంటి నుంచి,
ఏప్రిల్ 25

అత్తా,

ఇది ఆఫీసు నుంచి రాయడం లేదు.

గట్టు ఎడమ చివర ముక్క చట్రంలోనే మిగిలిపోయింది. కుడివైపు నుంచి విరిగి పడిపోయింది. ఆ ముక్కను చట్రం అడుగు నుంచి ఇవతలికి తీయించి, కంత మళ్ళీ పూడ్పించాను. మిగిలిన ఐదు కిటికీల గట్లూ రాతివి. ఇది రాయి కాదు. లోపల ఇటుక ముక్కలు, ఒక చెక్క బద్ద, పైన గచ్చు. ఇనుము ముక్క కూడా లేదు. పక్క కిటికీ రాతి గట్టు పక్కన పెట్టి చూశాను. రంగు, గీతలు, చిన్న చిన్న మచ్చలు అన్నీ అలాగే వేశారు. వానకి కోసినట్టుండే అరుగుదల కూడా వేశారు. ముప్పై ఏళ్ళుగా పాత కట్టడాలు చూస్తున్నవాళ్ళు కూడా పైపైన చూసి రాయి అనే అనుకున్నారు.

గట్టు ముందంచు మీద వేలు పెట్టాను.

దారం ఉంది.

నువ్వే నేర్పావు కదా, ఎలా తడమాలో. ఒకే దారం కిటికీ మూసిందెవరో చెప్పింది, గట్టు చేసిందెవరో కూడా చెప్పింది. వాంగ్మూలం కింద ఆ వేలిముద్ర ఎందుకుందో అప్పుడు అర్థమైంది. తుడుస్తూ పడిపోయింది అని ఆయన అని ఉంటే, ఎలా పడింది, గట్టు ఎందుకు విరిగింది అని అడిగేవాళ్ళు. దూకింది అంటే ఎవరూ గట్టు వైపు చూడరు.

ఆ రోజు ఇంటికి వచ్చి, తాతయ్య మీద రాసిపెట్టుకున్న పేజీ తీసి చదివాను. నాలుగు చోట్ల ‘రాయిని మరిపించే పనితనం’ అని రాశాను.

మా ఆఫీసరుకి దారం సంగతి చెప్పలేదు. బోర్డు మీద ‘బలహీనమైన గట్టు విరిగి పడిపోయింది’ అని రాస్తే చాలు. పెద్దత్త మీద పడ్డ మచ్చ పోతుంది. గట్టు ఎవరు చేశారో ఎవరికీ అవసరం లేదు. నువ్వేమంటావు?

ఇంకొకటి. ఆ రోజు విన్నది గొట్టం కాదు. నాకూ తెలుసు.

నీ మేనకోడలు


కుట్టుషాపు మీది గది,
మే 6

మేనకోడలికి అత్త.

నర్సమ్మ కలం పెట్టేస్తానంటే పెట్టనివ్వలేదు. ఇది ఒక్కటీ రాసిపెడితే ఆవిడ రుణం తీర్చుకోలేను. రాయి నర్సమ్మా, ఏదీ వదలకు.

నాకు తెలుసు. దారం ఎక్కడ వెతకాలో నీకు చెప్పినప్పుడే తెలుసు, నువ్వు గట్టు దాకా వస్తావని. నా నోటితో నేను చెప్పలేక నీ వేలితో చెప్పించాను. అరవై ఐదేళ్ళు నోట్లో పెట్టుకున్నది ఒక్కసారిగా ఊడిరాదు.

ఆ కిటికీ రాతి గట్టు ఎండకీ వానకీ పగిలి సగం ఊడిపోయింది. కొత్త రాయి రావాలంటే నెల పడుతుందన్నాడు నాన్న. పది రోజుల్లో ఇంటికి పెద్ద చుట్టాలొస్తున్నారు, వీధిలోంచి చూస్తే పళ్ళు ఊడిన నోరులా కనబడకూడదు, గచ్చుతో చేసెయ్యి అన్నాడు ఇంటాయన. నాన్న చేశాడు. నేను నీళ్ళు మోశాను. మచ్చలు వేయడానికి పక్షి ఈక పట్టుకుని రంగు చిలకరించింది నేనే. తొమ్మిదేళ్ళు నాకు.

మా ఇంట్లో ఒక నియమం ఉండేది. నాన్నకి వాళ్ళ గురువు పెట్టిన నియమం. రాయిలా చేసినదాన్ని ఎవరి దగ్గరా గచ్చు అనకూడదు. వీధిలోనే కాదు, ఇంట్లో కూడా అనకూడదు, కన్నబిడ్డ అడిగినా అనకూడదు. ‘కింద ఏముందో చెప్పావా, పై పని చచ్చిపోయినట్టే’ అనేవాడు. పని నేర్చుకుంటున్నదాన్ని కాబట్టి ఆ మాట నా చేత కూడా ఒట్టు వేయించుకున్నాడు. అక్క ఇంటిపనికి పోయింది, గచ్చు పనిలోకి రాలేదు. దానికి ఆ లెక్కలు తెలియవు.

చుట్టాలు వచ్చే రోజు. పొద్దున్న పదింటికి నేను నాన్నకి అన్నం క్యారియరు పట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాను. అక్క మేడ మీద కిటికీలోంచి తల బయట పెట్టింది. దాన్ని మేము నిదానం అనేవాళ్ళం. జడ వేసుకోవడానికి పూట పట్టేది దానికి. ఇంటావిడ ఆ రోజు పొద్దుటి నుంచీ దాని నెత్తిన నిలబడి తొందరపెడుతోందట.

పైనుంచి పిలిచింది. ‘ఏయ్ సూదీ, ఈ గట్టు నాన్న బాగుచేసిందేనా? ఎక్కొచ్చా?’

నా పక్కన గుమ్మంలో ఇంటాయన ఉన్నాడు, ఇద్దరు చుట్టాలు ఉన్నారు. ఒట్టు గుర్తొచ్చింది. నీ దగ్గర అబద్ధం ఆడను, ఒట్టు ఒక్కటే కాదు. సంబరం కూడా వేసింది. మా అక్కే పోల్చలేకపోయింది, మేము చేసింది అంత బాగా కుదిరింది అని. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చెప్పాను.

‘రాయే అక్కా. ఎక్కు.’

ఎక్కింది. నేను క్యారియరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. నాన్న మూత తీశాడు. అప్పుడు వినబడింది.

నాన్నకి నేను చెప్పలేదు, నాన్న నన్ను అడగలేదు. ఆయన ఆ రోజు తర్వాత మూస పట్టింది ఒక్కసారే, ఆ కిటికీ మూయడానికి. తర్వాత రేకు తీసుకెళ్ళి ఎక్కడో పారేశాడు. బతికున్నంత కాలం సున్నం వేసుకుంటూ బతికాడు. దాన్ని దూకినదానిగానే జనం తలుచుకుంటుంటే, నేనూ నాన్నా ఒకే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. ఆ ఇంటావిడ మొదలుపెట్టిన అబద్ధాన్ని మోసింది మేము.

‘బలహీనమైన గట్టు’ అట. గట్టు తనంతట తనే బలహీనపడిందా? ఇంకో గచ్చు పూస్తావా దాని మీద?

బోర్డు మీద ఇలా రాయి. ఒక్క మాట తగ్గించినా నేను ఒప్పుకోను. గట్టు గచ్చుది. చేయించింది ఇంటాయన. చేసింది దాని తండ్రి. రాయి అని చెప్పి ఎక్కమన్నది దాని చెల్లెలు. అది పని చేస్తూ పడిపోయింది.

మీ తాత పేజీ చింపకు. ఆయన నిజంగానే అంత గొప్ప పనివాడు. అదే కదా వచ్చిన చిక్కు.

అత్త


పాత కట్టడాల ఆఫీసు,
జూన్ 2

అత్తా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పను. తొమ్మిదేళ్ళ పిల్లవి అని రాయబోయి ఆగాను. ఆ మాట నీకు అక్కర్లేదని తెలుసు.

బోర్డు నువ్వు చెప్పినట్టే ఉంది, ఐదు వాక్యాలూ. చివరి దాని ముందు వాక్యం తీసేద్దామని ఆఫీసరు రెండుసార్లు అన్నాడు, నేను నీ ఉత్తరం ఆయన ముందు పెట్టాను. చదివి ‘చెక్కండి’ అన్నాడు. అక్షరాలు లోతుగా చెక్కించాను.

ఇంకో సంగతి ఉంది. దీన్ని కొలతలాగే రాస్తాను, ఇంకెలా రాయాలో తెలియడం లేదు.

నిన్న పొద్దున్న బోర్డు బిగించడానికి వెళ్ళాం. ఏప్రిల్‌లో వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి నా బల్ల సొరుగులో ఉంటుంది. సుద్ద ఉన్నది అద్దాలకి అవతలివైపు. అవతల నాలుగు వేళ్ళ సందు, ఆ వెనక గోడ. అక్కడికి ఎవరి చెయ్యీ దూరదు.

ఏప్రిల్ ఫొటోలో తుడిచినవి ఐదు. నిన్న ఆరు ఉన్నాయి.

ఆరోది రెండో వరుసలో కుడి చివరిది. గట్టు విరిగింది కుడివైపే. ఆ రోజు చెయ్యి చాపింది ఆ అద్దానికే అయి ఉంటుంది.

తేమకి సుద్ద రాలిపోయి ఉంటుందని ఆఫీసరు అన్నాడు. రాలితే కింద పడాలి కదా. కింద ఏమీ లేదు. అద్దం మూలల్లో గుడ్డ తిప్పిన గుండ్రటి గీతలున్నాయి. నేను ఫొటో తీయించలేదు. తీయించనా?

మేనకోడలు


కుట్టుషాపు మీది గది,
జూన్ 9

మేనకోడలికి అత్త.

ఫొటో వద్దు. దాన్ని పని చేసుకోనీ.

ఇంకా ఆరు మిగిలాయి. అది చిన్నప్పటి నుంచీ అంతే, పేరే నిదానం. ఎవరూ తొందరపెట్టకండి. సాయం చేస్తామని గుడ్డ పట్టుకుని ఎవరూ పోకండి. మీ ఆఫీసరుకి కూడా చెప్పు.

నేను వస్తున్నాను. నర్సమ్మ తోడు వస్తానంది, రైలు టిక్కెట్లు కూడా ఆవిడే తీసింది. మోకాళ్ళు సహకరించవు కాబట్టి ఆ మూల గదిలో వెన్ను ఆన్చుకునే కుర్చీ ఒకటి వేయించు. బోర్డు దగ్గరికి ముందు తీసుకెళ్ళు. చదవలేను గానీ లోతుగా చెక్కించానన్నావు కదా, నా వాక్యం ఎక్కడుందో చూపిస్తే వేలు పెట్టి చూసుకుంటాను.

తర్వాత పదింటికి నన్ను ఆ గదిలో ఒక్కదాన్నే వదిలి తలుపు దగ్గరికి వెయ్యండి. నలభై ఒక్క ఏళ్ళు ఆ చప్పుడు వింటూ నేల తుడిచాను గానీ, ఒక్కనాడూ తలెత్తి పలకరించలేదు. అది మళ్ళీ అడుగుతుందేమోనని భయం.

ఇప్పుడు అడగనీ. గట్టు ఎక్కొచ్చా అని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు.

సూది